ప్రయోజనకరమైన జ్ఞానం: హకీమ్ ఇబ్నె నఫీస్ (రహ్మ) జీవితం, రచనలు

ఈ కాలంలో ఒక వైద్య పరిశోధకుని స్థాయిని ఎలా కొలుస్తారో చాలామందికి తెలుసు. ఆయన ఎన్ని పరిశోధనా వ్యాసాలు ప్రచురించారు, వాటిని ఇతర పరిశోధకులు తమ రచనల్లో ఎన్నిసార్లు ప్రస్తావించారు అని లెక్క వేస్తారు. 2005లో హోర్హె హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ఈ రెండు లెక్కల్నీ కలిపి ఒకే అంకెలో చూపే పద్ధతిని ప్రతిపాదించారు. ఒక వ్యక్తి రాసిన వాటిలో ఇరవై వ్యాసాలు, ఒక్కొక్కటీ కనీసం ఇరవైసార్లు ప్రస్తావనకు వస్తే ఆయన అంకె ఇరవై. చాలాచోట్ల ఉద్యోగాలూ పదోన్నతులూ పరిశోధనా నిధులూ ఇటువంటి అంకెలను చూసి నిర్ణయమవుతున్నాయి.

నేడు మన ముస్లిం కుటుంబాల నుంచి కూడా పిల్లలు వైద్యవిద్య చదువుతున్నారు, పరిశోధనల్లో ప్రవేశిస్తున్నారు. వారి ముందు కూడా ఈ కొలబద్ద ఉంది. పేరు కోసం రాయాలా, ప్రజల మేలు కోసం రాయాలా అన్న పరీక్ష కూడా ఉంది. అందుకే ఈ నెల మనం ఒక మహావైద్యుని జీవితాన్ని తెలుసుకుందాం. ఆయన వందల సంపుటాల పుస్తకాన్ని తలపెట్టారు. ఆయన రాసిన ఒక చిన్న పుస్తకం శతాబ్దాల తరబడి వేలాది విద్యార్థులకు పాఠ్యగ్రంథమయింది. కాని ఆయన కనుగొన్న అన్నింటికన్నా గొప్ప సత్యం దాదాపు ఏడు వందల సంవత్సరాలు గ్రంథాలయాల అరల్లో మరుగున పడి ఉంది. ఆయనే హకీమ్ అలాఉద్దీన్ అలీ బిన్ అబీ హజ్మ్ ఖురషీ. లోకం ఆయన్ని ఇబ్నె నఫీస్ అనే పేరుతో ఎరుగును.

జననం, విద్యాభ్యాసం

ఇబ్నె నఫీస్ (రహ్మ) హిజ్రీ 607 ప్రాంతంలో, అంటే క్రీ.శ. 1210 ప్రాంతంలో, సిరియా దేశంలోని డమాస్కస్ దగ్గర జన్మించారు. అవి ముస్లిం ప్రపంచానికి కష్టకాలం. ఒకవైపు శిలువ యుద్ధాలు ఇంకా ముగియలేదు. మరోవైపు తూర్పు దిక్కు నుంచి మంగోలుల దండయాత్రలు మొదలయ్యాయి. ఆయన జీవితకాలంలోనే, 1258లో, బాగ్దాద్ నగరం మంగోలుల చేతిలో ధ్వంసమయింది. అంత కల్లోలంలోనూ డమాస్కస్, కైరో నగరాల్లో విద్యాదీపం ఆరిపోలేదు.

డమాస్కస్‌లో సుల్తాన్ నూరుద్దీన్ జంగీ (రహ్మ) 1154లో స్థాపించిన పెద్ద ఆసుపత్రి ఉండేది. దాన్ని నూరీ బీమారిస్తాన్ అనేవారు. వక్ఫ్ ఆస్తుల ఆదాయంతో అక్కడ రోగులకు ఉచితంగా వైద్యం జరిగేది. అది ఆసుపత్రి మాత్రమే కాదు, వైద్యవిద్యాలయం కూడా. పెద్ద వైద్యులు రోగుల్ని చూసిన తర్వాత శిష్యులను కూర్చోబెట్టుకుని గ్రంథాలు చదివించి, సందేహాలు తీర్చేవారు.

ఆ రోజుల్లో అక్కడి ప్రధానాచార్యులు ముహజ్జబుద్దీన్ దఖ్వార్. ఇబ్నె నఫీస్ (రహ్మ) ఆయన వద్దనే వైద్యం నేర్చుకున్నారని జీవితచరిత్రకారులు రాశారు. ఈ గురువు 1230లో మరణించారు. ఆయన తన ఇంటినే వైద్యపాఠశాల కోసం వక్ఫ్ చేశారు. ఈ విషయాన్ని పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. శిష్యుని జీవితం చివర్లో ఇటువంటి పనే మనకు మళ్లీ కనిపిస్తుంది.

ఇబ్నె నఫీస్ (రహ్మ) కేవలం వైద్యంతో సరిపెట్టుకోలేదు. షాఫయీ ధర్మశాస్త్రం, హదీసు శాస్త్ర నియమాలు, అరబీ వ్యాకరణం, తర్కశాస్త్రం కూడా అభ్యసించారు. ధర్మవిద్య వేరు, లోకవిద్య వేరు అని ఆ తరం పండితులు మధ్యలో గోడ కట్టుకోలేదు.

కైరో నగరంలో

సుమారు 1236 ప్రాంతంలో ఆయన ఈజిప్టు దేశానికి వెళ్లి కైరోలో స్థిరపడ్డారు. అక్కడి నాసిరీ ఆసుపత్రిలో వైద్యులుగా పనిచేశారు. కాలక్రమంలో ఈజిప్టు వైద్యులందరికీ పెద్ద అయ్యారు. 1260 నుంచి 1277 వరకు పాలించిన సుల్తాన్ బైబర్స్‌కు కూడా వైద్యం చేశారు.

ఆసుపత్రిలో రోగులకు వైద్యం చేసిన ఆ చేతులే మస్రూరియా మదరసాలో ధర్మశాస్త్ర గ్రంథాల పుటలు తిప్పాయి. అక్కడ ఆయన షాఫయీ ఫిఖహ్ బోధించేవారు. షాఫయీ ధర్మపండితుల జీవితచరిత్రలను సంకలనం చేసిన ఇమామ్ తాజుద్దీన్ సుబ్కీ (రహ్మ) ఆ పండితుల వరుసలో ఇబ్నె నఫీస్‌కు కూడా స్థానం ఇచ్చారు. సుప్రసిద్ధ వ్యాకరణవేత్త, ఖుర్ఆన్ వ్యాఖ్యాత అయిన అబూ హయ్యాన్ గర్నాతీ (రహ్మ) ఆయన దగ్గర తర్కశాస్త్రం చదువుకున్నారు.

వైద్యంలో ఆయనది నిరాడంబరమైన పద్ధతి. ఆహారంతో నయమయ్యే జబ్బుకు మందు ఇచ్చేవారు కాదు. ఒకే మూలికతో నయమయ్యే జబ్బుకు పది మూలికలు కలిపిన మందు రాసేవారు కాదు. ఇంత పెద్ద వైద్యుడు ఇంత చిన్న మందులు ఇస్తున్నాడేమిటని ఆశ్చర్యపోయినవారు కూడా ఉన్నారట. ఆయన వివాహం చేసుకోలేదు. కైరోలో మంచి ఇల్లు కట్టుకున్నారు. ఆ ఇంట్లో సంపదంటే చెప్పుకోదగ్గది ఆయన గ్రంథాలయమే.

ఆయన రచనలు

ఆయన రాసే తీరును ఆ తర్వాతి తరాలవారు ఆశ్చర్యంతో చెప్పుకున్నారు. రాయడానికి కూర్చున్నప్పుడు చెక్కి సిద్ధం చేసిన కలాలు ఆయన పక్కన పెట్టేవారు. ఆయన గోడ వైపు ముఖం తిప్పి, ఏ పుస్తకాన్నీ తెరిచి చూడకుండా, జ్ఞాపకం నుంచే ప్రవాహంలా రాసుకుంటూ పోయేవారు. ఒక కలం మొద్దుబారితే దాన్ని పక్కన పడేసి మరొకటి అందుకునేవారు. కలం చెక్కడానికి ఆగితే ఆలోచన ఆగిపోతుందని ఆయన భయం. ఒకసారి హమామ్‌లో స్నానం చేస్తుండగా నాడి గురించి ఒక ఆలోచన తట్టింది. స్నానం మధ్యలోనే బయటికి వచ్చి, కాగితమూ కలమూ తెప్పించుకుని, నాడి మీద ఒక పుస్తకం పూర్తి చేసి, మళ్లీ లోపలికి వెళ్లి స్నానం ముగించారని చెబుతారు.

ఈ విధంగా ఆయన రాసినవి అనేకం. ఇబ్నె సీనా రచించిన అల్ ఖానూన్ అనే మహాగ్రంథానికి విస్తృతమైన వ్యాఖ్యానం రాశారు. యునానీ వైద్యపితామహుడు హిప్పోక్రటీస్ సూత్రాలకు వ్యాఖ్యానం రాశారు. కంటి జబ్బుల మీద ప్రత్యేకంగా ఒక గ్రంథం రాశారు. హదీసు శాస్త్ర నియమాల మీద ఒక సంక్షిప్త గ్రంథం రాశారు. రిసాలా కామిలియ్యా అనే మరో రచన చేశారు. మనుషులు లేని దీవిలో ఒంటరిగా ఉన్న కామిల్ అనే వ్యక్తి తన బుద్ధిని ఉపయోగించి సృష్టికర్త ఉనికినీ, మానవాళికి ప్రవక్తల అవసరాన్నీ గ్రహించడం ఆ కథలోని సారాంశం.

వీటన్నింటికన్నా పెద్ద పథకం అష్షామిల్ అనే వైద్య విజ్ఞాన సర్వస్వం. దాన్ని 300 సంపుటాల్లో పూర్తి చేయాలని ఆయన సంకల్పించారు. అందుకు కావలసిన ముసాయిదా సిద్ధం చేసుకున్నారు. కాని మరణించే నాటికి శుద్ధప్రతిగా వెలువడినవి 80 సంపుటాలు మాత్రమే. మనిషి ఎంత ప్రణాళిక వేసుకున్నా ఆయుష్షు అల్లాహ్ చేతిలో ఉంది. ఆ సంపుటాల్లో కొన్ని నేటికీ మిగిలాయి. హిజ్రీ 641 నాటి మూడు సంపుటాలు, ఆయన స్వహస్తంతో రాసినవి, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ వైద్య గ్రంథాలయంలో ఉన్నాయి.

తన రచనలు తన తర్వాత పదివేల సంవత్సరాలు నిలుస్తాయన్న నమ్మకం లేకపోతే వాటిని రాసేవాణ్ణే కాదని ఆయన అనేవారని చరిత్రకారులు పేర్కొన్నారు. ఇది కొందరికి అతిశయంగా తోచవచ్చు. అయితే ఆయన రచనలకు ఏమి జరిగిందో చూస్తే, ఏ పుస్తకం ఎంతకాలం నిలవాలో నిర్ణయించేది రచయిత కాదని తెలుస్తుంది.

గుండె గోడలో రంధ్రాలు లేవు

ఇప్పుడు ఆయన పేరును చిరస్థాయిగా నిలిపిన విషయానికి వద్దాం. 1242 నాటికే, అంటే ఆయనకు సుమారు ముప్ఫై ఏళ్ల వయసులోనే, ఖానూన్ గ్రంథంలోని శరీర నిర్మాణ భాగాలకు ఆయన విడిగా ఒక వ్యాఖ్యానం రాశారు. దాని పేరు షర్హ్ తష్రీహిల్ ఖానూన్. హిజ్రీ 640 తేదీ ఉన్న దాని ప్రతి ఒకటి నేటికీ భద్రంగా ఉంది.

క్రీ.శ. రెండవ శతాబ్దానికి చెందిన జాలీనూస్, అంటే గాలెన్, గుండె గురించి ఒక సిద్ధాంతం చెప్పాడు. గుండెలో కుడి గది, ఎడమ గది ఉన్నాయి కదా, వాటి మధ్య ఉన్న గోడలో కంటికి కనిపించని సన్నని రంధ్రాలున్నాయనీ, కుడి గదిలోని రక్తం ఆ రంధ్రాల గుండా ఎడమ గదిలోకి పోతుందనీ అతని భావన. వెయ్యేళ్లకు పైగా వైద్యలోకం ఈ మాటను నమ్మింది. ఇబ్నె సీనా వంటి మహామేధావి కూడా మధ్యగోడ గుండా రక్తం వెళుతుందనే అంగీకరించారు.

ఇబ్నె నఫీస్ (రహ్మ) ఈ మాటను తిరస్కరించారు. ఆ గోడ దళసరిగా, గట్టిగా ఉంటుందనీ, అందులో కనిపించే దారులూ లేవు, కనిపించని దారులూ లేవనీ తేల్చి చెప్పారు. మరి రక్తం ఎడమవైపుకు ఎలా చేరుతుంది? కుడి గది నుంచి రక్తం ఒక నాళం ద్వారా ఊపిరితిత్తులకు వెళుతుంది. అక్కడ పలుచబడి, గాలితో కలుస్తుంది. తర్వాత మరొక నాళం ద్వారా గుండె ఎడమ గదికి తిరిగి వస్తుంది. ఊపిరితిత్తుల్లో ఈ రెండు నాళాల మధ్య సన్నని మార్గాలు ఉండాలని కూడా ఆయన ఊహించారు. గుండెకు మూడు గదులున్నాయన్న ఇబ్నె సీనా మాటను కాదని, రెండే ఉన్నాయన్నారు. గుండె తన పోషణను తన కండరంలో వ్యాపించిన నాళాల నుంచే పొందుతుందని వివరించారు.

నేడు పాఠశాల విద్యార్థి కూడా ఈ విషయాన్ని చదువుకుంటున్నాడు. కుడి జఠరిక నుంచి పుపుస ధమని ద్వారా ఊపిరితిత్తులకు, అక్కడి నుంచి పుపుస సిరల ద్వారా గుండె ఎడమవైపుకు రక్తం ప్రయాణిస్తుంది. మనకు లభిస్తున్న ఆధారాల ప్రకారం దీన్ని మొట్టమొదట రాసిన వ్యక్తి ఇబ్నె నఫీస్ (రహ్మ).

ఇందులో గమనించదగ్గ విషయం మరొకటి ఉంది. ఆయన తన పూర్వీకులను దూషించలేదు, వారి పేర్లను దాచనూ లేదు. ఇబ్నె సీనా ఏమన్నారో ముందు రాసి, తర్వాత తన అభిప్రాయం ఎక్కడ వేరవుతుందో, ఎందుకు వేరవుతుందో రాశారు. జాలీనూస్‌తో చాలా విషయాల్లో ఏకీభవించారు, తప్పనిపించిన చోట విభేదించారు. శవచ్ఛేదన చేయడానికి షరీఅత్ ఆజ్ఞ, తన మనసులోని జాలి అడ్డువచ్చాయని ఆ గ్రంథం ఆరంభంలోనే చెప్పుకున్నారు. ఆయన ఎంతవరకు స్వయంగా చూసి, ఎంతవరకు తర్కంతో ఈ నిర్ణయానికి వచ్చారన్నది పండితుల మధ్య నేటికీ చర్చగానే ఉంది. తన పద్ధతి గురించి మాత్రం ఆయన పాఠకుని ముందు ఏమీ దాచలేదు. ఎవరి మాట ఎవరి నుంచి వచ్చిందో తప్పకుండా చెప్పాలన్నది హదీసు శాస్త్రం నేర్పే మొదటి పాఠం. ఆ శాస్త్రం చదివిన మనిషి వైద్యగ్రంథంలోనూ ఆ నిజాయితీ పాటించారు.

చివరి రోజులు

1284లో సుల్తాన్ ఖలావూన్ కైరోలో మన్సూరీ ఆసుపత్రిని నిర్మించాడు. అప్పటికి ఇబ్నె నఫీస్ (రహ్మ) డెబ్భై ఏళ్లు దాటిన వృద్ధులు. నాలుగేళ్ల తర్వాత ఆయన జబ్బుపడ్డారు.

ఆరు రోజుల పాటు మంచంలో ఉన్నారు. ఆ స్థితిలో తోటి వైద్యులు కొందరు, ఈ జబ్బుకు కొద్దిగా మద్యం తాగితే ఉపశమనం ఉంటుందని సలహా ఇచ్చారు. మందుల గుణం ఆయనకు తెలియనిది కాదు. తన శరీరంలో మద్యం ఉండగా తన ప్రభువు సన్నిధికి వెళ్లడం తనకు ఇష్టం లేదని చెప్పి నిరాకరించారు. హిజ్రీ 687 జుల్‌ఖాదా 21, క్రీ.శ. 1288 డిసెంబరు 17, శుక్రవారం నాడు ఆయన ఈ లోకాన్ని విడిచి వెళ్లారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. చాంద్రమానం ప్రకారం ఆయన వయసు దాదాపు 80 సంవత్సరాలు.

మరణించే ముందు తన ఇంటినీ, గ్రంథాలయాన్నీ మన్సూరీ ఆసుపత్రికి వక్ఫ్ చేశారు. డమాస్కస్‌లో గురువు తన ఇంటిని విద్యార్థుల కోసం విడిచి వెళ్లారు. అర్ధశతాబ్దం దాటాక కైరోలో శిష్యుడు కూడా అలాగే చేశారు. గురువు నుంచి శిష్యునికి అందేది పుస్తక జ్ఞానం మాత్రమే కాదు, నడవడిక కూడా.

ఏ పుస్తకం ఎంతవరకు చేరింది?

ఇప్పుడు మొదట్లో చెప్పుకున్న కొలబద్దను ఆయన రచనల ముందు పెట్టి చూద్దాం.

ఆయన రాసిన పుస్తకాల్లో అందరికన్నా ఎక్కువమంది చదివింది మూజజుల్ ఖానూన్. ఇది పేరుకు తగ్గట్టే ఖానూన్‌కు సంక్షిప్త రూపం. వైద్యంలోని సాధారణ సూత్రాలు, ఆహారాలు, మందులు, ఒక్కో అవయవానికి వచ్చే జబ్బులు, శరీరమంతటికీ వచ్చే జబ్బులు, జ్వరాలు, ఇవన్నీ నాలుగు భాగాల్లో ఉంటాయి. విద్యార్థి చేతిలో ఇమిడే పుస్తకం. అందుకే దానికి వ్యాఖ్యానాలు, వ్యాఖ్యానాలకు మళ్లీ వివరణలు వచ్చాయి. 15వ శతాబ్దంలో నఫీస్ బిన్ ఇవజ్ కిర్మానీ రాసిన వ్యాఖ్యానం మన దేశంలో విశేష ప్రచారం పొందింది. 1828లో కలకత్తాలో మూజజ్ అచ్చయింది. హైదరాబాదులో చార్మినార్ పక్కన ఉన్న నిజామియా తిబ్బీ కళాశాల వంటి చోట్ల యునానీ వైద్యం చదివినవారికి కుల్లియాతె నఫీసీ అనే పుస్తకం పేరు పరిచితమే. అది ఈ కిర్మానీ వ్యాఖ్యానానికి సంబంధించినదే. నఫీసీ అన్న పేరు కిర్మానీ నుంచి వచ్చింది, ఇబ్నె నఫీస్ నుంచి కాదు. కాని ఆ వ్యాఖ్యానానికి మూలం మాత్రం మన ఇబ్నె నఫీస్ గ్రంథం. కైరోలో రాసిన అక్షరం దక్కను గడ్డ మీద రోగుల నాడి పట్టుకోవడానికి పనికివచ్చింది.

కాని మూజజ్‌లో శరీర నిర్మాణ భాగం లేదు. అందువల్ల అందరూ చదివిన ఆ పుస్తకంలో గుండె రహస్యం లేదు. గుండె రహస్యం ఉన్న పుస్తకాన్ని చదివినవారు తక్కువ. తర్వాతి శతాబ్దాల అరబీ వ్యాఖ్యాతలు కొందరు ఆయన అభిప్రాయాన్ని గుర్తించి చర్చించారని ఇటీవలి పరిశోధనలు చెబుతున్నాయి. అయినా వైద్యవిద్యలో జాలీనూస్ మాటే చలామణీ అయింది.

మరో విచిత్రం చూడండి. ఇబ్నె నఫీస్ కాలంలోనే ఇబ్నె అబీ ఉసైబియా అనే వైద్యుడు ఉండేవాడు. అతను కూడా దఖ్వార్ శిష్యుడే. వైద్యుల జీవితచరిత్రలతో అతను రాసిన పెద్ద గ్రంథం నేటికీ ప్రామాణికం. వందలాది వైద్యుల పేర్లున్న ఆ గ్రంథంలో, ప్రచారంలో ఉన్న పాఠం ప్రకారం, ఇబ్నె నఫీస్ పేరుకు చోటు లేదు. కారణం ఏదైనా కావచ్చు. సమకాలికుల లెక్కల్లో పేరు లేనంత మాత్రాన మనిషి విలువ తగ్గలేదు.

1924లో ఏమి జరిగింది?

శతాబ్దాలు గడిచాయి. ఐరోపాలో 1553లో మైఖేల్ సెర్విటస్, 1559లో రియాల్డో కొలంబో ఊపిరితిత్తుల గుండా రక్తం వెళ్లే మార్గాన్ని వర్ణించారు. 1628లో ఇంగ్లండుకు చెందిన విలియం హార్వే శరీరమంతటా రక్తప్రసరణ ఎలా జరుగుతుందో నిరూపించాడు. 1661లో ఇటలీకి చెందిన మాల్పీగీ సూక్ష్మదర్శినితో కప్ప ఊపిరితిత్తుల్లోని సన్నని రక్తనాళాలను చూశాడు. ఇబ్నె నఫీస్ ఉండాలని చెప్పిన సన్నని మార్గాలు అలా కంటికి కనిపించాయి. అయితే ఆయన పేరు మాత్రం ఈ వరుసలో ఎవరికీ గుర్తురాలేదు.

1924లో జర్మనీలోని ఫ్రైబుర్గ్ విశ్వవిద్యాలయంలో ఈజిప్టు దేశానికి చెందిన డాక్టర్ మొహియుద్దీన్ తతావీ అనే యువకుడు డాక్టరేట్ కోసం కృషి చేస్తున్నాడు. బెర్లిన్ గ్రంథాలయంలో ఉన్న షర్హ్ తష్రీహ్ చేతిరాత ప్రతిని అతను శ్రద్ధగా చదివాడు. హార్వేకు దాదాపు నాలుగు వందల ఏళ్ల ముందే ఊపిరితిత్తుల రక్తప్రసరణ ఆ పుటల్లో స్పష్టంగా రాసి ఉంది. తన సిద్ధాంతవ్యాసంలో ఈ విషయం బయటపెట్టాడు. అతని గురువులకు నమ్మశక్యం కాలేదు. కైరోలో నివసిస్తున్న జర్మన్ వైద్యుడు, అరబీ పండితుడు మాక్స్ మేయర్‌హోఫ్‌కు పంపి అభిప్రాయం అడిగారు. మేయర్‌హోఫ్ చేతిరాత ప్రతులను పరిశీలించి అది నిజమేనని ధ్రువపరిచాడు. 1930ల్లో ఆయన రాసిన వ్యాసాల ద్వారా ప్రపంచానికి ఇబ్నె నఫీస్ గొప్పతనం తెలిసింది. ఆ పుస్తకం రాసిన తర్వాత దాదాపు 680 సంవత్సరాలకు అది సాధ్యమయింది. తతావీ సిద్ధాంతవ్యాసం మాత్రం అచ్చుకు నోచుకోలేదు. మరుగున పడిన మనిషిని వెలుగులోకి తెచ్చిన వ్యక్తి పేరు కూడా ఎక్కువమందికి తెలియదు.

ఇక్కడ మనం ఒక జాగ్రత్త పాటించాలి. ఉత్సాహంలో కొందరు సోదరులు ఐరోపావారు ఇబ్నె నఫీస్ నుంచి దొంగిలించారని ప్రసంగాల్లో చెబుతుంటారు. ఇటలీ వైద్యుడు ఆండ్రియా ఆల్పాగో చాలా ఏళ్లు డమాస్కస్‌లో ఉన్న మాట నిజం. ఆయన లాటిన్‌లోకి అనువదించిన ఇబ్నె నఫీస్ రచన ఒకటి 1547లో వెనిస్‌లో అచ్చయిన మాట కూడా నిజం. కాని ఆ భాగం మిశ్రమ ఔషధాలకు సంబంధించినది. అందులో ఊపిరితిత్తుల రక్తప్రసరణ వివరణ లేదు. సెర్విటస్‌కు గాని కొలంబోకు గాని ఆ వివరణ అందిందనడానికి తిరుగులేని సాక్ష్యం ఇంతవరకు లభించలేదు. అలాగే ఇబ్నె నఫీస్ చెప్పింది ఊపిరితిత్తుల ప్రసరణ. శరీరమంతటా రక్తం తిరిగే పూర్తి విధానాన్ని, లెక్కలు వేసి మరీ నిరూపించింది హార్వే. ఎవరి వాటా వారికి ఇవ్వడం న్యాయం. విన్న వార్తను నిర్ధారించుకోకుండా ముందుకు సాగవద్దని దివ్యఖుర్ఆన్ మనకు ఆదేశించింది. ఆ ఆజ్ఞ మన పూర్వీకుల గొప్పతనం చెప్పుకునేటప్పుడు కూడా వర్తిస్తుంది. ఇబ్నె నఫీస్ గొప్పతనానికి సత్యమే చాలు. దానికి అబద్ధపు అలంకారం అవసరం లేదు.

మనకు పాఠం

మనిషి మరణించగానే అతని కర్మల పుస్తకం మూసుకుపోతుందనీ, మూడు విషయాల పుణ్యం మాత్రం అతనికి చేరుతూనే ఉంటుందనీ దైవప్రవక్త (స) బోధించారు. నిరంతరం సాగే దానం, ప్రయోజనకరమైన జ్ఞానం, తల్లిదండ్రుల కోసం దుఆ చేసే సద్గుణ సంతానం అనేవి ఆ మూడు. ఇబ్నె నఫీస్ (రహ్మ)కు సంతానం లేదు. మిగతా రెండింటినీ ఆయన వదిలి వెళ్లారు. ఇంటినీ పుస్తకాలనూ ఆసుపత్రికి ఇచ్చారు. జ్ఞానాన్ని లోకానికి ఇచ్చారు.

ఆయన జీవితంలో అంకెలు ఎన్నో ఉన్నాయి. 300 సంపుటాల సంకల్పం పూర్తికాలేదు, 80 సంపుటాల్లోనూ చాలా భాగం మనకు దక్కలేదు. వేలమంది చదివిన మూజజ్ పుస్తకాన్ని నేటి వైద్యలోకం చరిత్రగా మాత్రమే చూస్తున్నది. ఎవరూ పట్టించుకోని కొన్ని పుటలే నేడు ఆయన పేరు నిలబెట్టాయి. ఏది నిలుస్తుందో రాసిన రోజున ఆయనకే తెలియదు. నిజాన్ని నిజంగా రాయడం మాత్రమే ఆయన చేతిలో ఉంది. ఆ పని ఆయన చేశారు.

మన పిల్లల్లో రేపటి వైద్యులూ పరిశోధకులూ ఉన్నారు. వారు ఎక్కువ వ్యాసాలు రాయాలని, వాటిని నలుగురూ చదవాలని కోరుకోవడం తప్పు కాదు. కాని అంకె పెంచుకోవడానికి ఇతరుల మాటను తమదిగా చెప్పుకోవడం, లేని ఫలితాన్ని ఉన్నట్లు రాయడం అమానతులో ఖియానత్. వైద్యంలో ఆ అబద్ధం ఎక్కడో ఒక రోగి ప్రాణం మీదికి వస్తుంది. రేపు ప్రళయదినాన మనల్ని ఎంతమంది ప్రస్తావించారని అడగరు. నేర్చుకున్న జ్ఞానంతో ఏమి చేశావని అడుగుతారు. ఈ మాట ఇంట్లో భోజనాల దగ్గర కూర్చున్నప్పుడు పిల్లలకు చెప్పాలి. ఇబ్నె నఫీస్ కథతో కలిపి చెబితే వారికి బాగా గుర్తుంటుంది.

అల్లాహ్ ఇబ్నె నఫీస్ (రహ్మ)ను తన కారుణ్యంతో కప్పుగాక! మనకూ మన సంతానానికీ ప్రయోజనకరమైన జ్ఞానాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.